సముద్రానికి అవతల బిడ్డ, ఇవతల కోర్టు

ఏలూరు, తాడేపల్లిగూడెం, అటు కైకలూరు, ఆకివీడు మీదుగా కొల్లేటి చుట్టూ ఉన్న లంక గ్రామాల దాకా ఏ వీధిలో అడిగినా, విదేశంలో బిడ్డలున్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. చేపల చెరువు మీద వచ్చిన డబ్బుతో కొందరు, పొలం తాకట్టు పెట్టి కొందరు, బ్యాంకు అప్పుతో కొందరు పిల్లల్ని పైచదువులకు పంపారు. వాళ్లకు అక్కడే ఉద్యోగాలు వచ్చాయి. పెళ్లి ఇక్కడ చేసినా కాపురాలు అక్కడే పెట్టారు. మనవలు అక్కడే పుట్టారు. ఆ మనవలకు అమెరికా పాస్‌పోర్టో, బ్రిటన్ పాస్‌పోర్టో ఉంటుంది. వాళ్ల బడి అక్కడ, స్నేహితులు అక్కడ, డాక్టరు అక్కడ.

ఆ కాపురాల్లో కొన్ని నిలబడవు. మాటా మాటా పెరుగుతుంది. ఇక్కడ ఉన్న రెండు కుటుంబాలూ పెద్దమనుషుల్లో పెడతాయి. అది కుదరక భార్యాభర్తలు విడిపోతే, బిడ్డ ఎవరి దగ్గర పెరగాలి? ఏ దేశంలో పెరగాలి? ఆ మాట అక్కడి కోర్టు చెప్పాలా, ఇక్కడి కోర్టు చెప్పాలా? ఇవాళ నా ప్రసంగం ఈ ప్రశ్నల మీదే.

నేను చెప్పదలచుకున్నది ముందే చెబుతాను. పిల్లల విషయంలో కోర్టులకు చట్టం చాలా పెద్ద అధికారం ఇచ్చింది. ఆ అధికారం తల్లిని గెలిపించడానికో, తండ్రిని గెలిపించడానికో ఇచ్చింది కాదు. బిడ్డకు రక్షణగా ఇచ్చింది. అది సరిగ్గా పనిచేయాలంటే పెద్దవాళ్లు మూడు జాగ్రత్తలు పాటించాలి. ఆలస్యం చేయకూడదు, బిడ్డను దాచకూడదు, కోర్టు దగ్గర నిజం దాచకూడదు. గత నలభై ఏళ్ల తీర్పులు చదివితే ఈ మూడూ ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. ఇప్పుడు చెప్పబోయే కేసుల్లో ఎవరి పేర్లూ చెప్పను. అందులోని పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయి ఉంటారు, లేదా అవుతూ ఉంటారు. వాళ్ల బతుకు వాళ్లది.

మొదట జిల్లా స్థాయిలో ఏముందో చూద్దాం. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పిల్లల సంరక్షణ కోసం వేసే పిటిషన్ ఈ చట్టం కిందే నడుస్తుంది. దానిలో 9వ సెక్షన్ ఒక షరతు పెట్టింది. బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తోందో ఆ ప్రాంతపు కోర్టులోనే పిటిషన్ వేయాలి. తల్లి పుట్టిల్లు ఏలూరు అయినంత మాత్రాన, తండ్రి సొంతూరు తాడేపల్లిగూడెం అయినంత మాత్రాన ఇక్కడి కోర్టుకు విచారణ అధికారం రాదు. ఇక 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలి. ఆ చట్టంలోనే 13వ సెక్షన్ అన్నిటికన్నా పైన ఉంది. ఎవరిని గార్డియన్‌గా పెట్టాలన్నా బిడ్డ సంక్షేమమే ప్రధానం అంటుంది.

రెండో దారి హైకోర్టు. మన రాష్ట్రానికి అది అమరావతిలో ఉంది. రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హెబియస్ కార్పస్ రిట్ వేయవచ్చు. ఒక మనిషిని అక్రమంగా పట్టి ఉంచారంటే ఆ మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే రిట్ అది. బిడ్డను ఒకరు తీసుకొచ్చి ఇంకొకరికి చూపించకుండా ఉంచినప్పుడు కూడా అది పనికొస్తుంది. ఇక్కడ శాశ్వత నివాసం లెక్క చూడరు. బిడ్డ ప్రస్తుతం ఆ రాష్ట్రంలో ఉంటే చాలు. విదేశాల నుంచి వచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం ఈ దారినే నడిచాయి.

ఇప్పుడు కేసుల్లోకి వెళదాం.

1984లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఇంగ్లండులో స్థిరపడిన పంజాబీ దంపతులు. భర్త తన భార్యను కారుతో గుద్ది చంపించడానికి కుట్ర పన్నాడని అక్కడి కోర్టులో రుజువై శిక్ష పడింది. తర్వాత అతను కొడుకుని తీసుకుని పంజాబ్‌లోని తన తల్లిదండ్రుల దగ్గరికి వచ్చేశాడు. తల్లి ఇంగ్లండు కోర్టు ఉత్తర్వు పట్టుకుని ఇక్కడికి వచ్చింది. సుప్రీంకోర్టు బిడ్డను ఆమెకు అప్పగించింది. కాపురం ఏ దేశంలో సాగిందో, బిడ్డ జీవితంతో దగ్గరి సంబంధం ఏ దేశానికి ఉందో, బిడ్డ విషయం తేల్చే అర్హత ఆ దేశపు కోర్టుకే ఎక్కువగా ఉంటుందన్న సూత్రం ఆ తీర్పులో వచ్చింది. ఇక్కడి కోర్టు తన అధికారాన్ని ఉపయోగించి విదేశీ కోర్టు మాటకు బలం ఇచ్చింది. బిడ్డకు మేలు అందులోనే ఉందని నమ్మింది కాబట్టి ఇచ్చింది.

1997 నవంబరులో ఇంకో తీర్పు. అది రాసింది తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావు. అమెరికాలో పుట్టిన బిడ్డను పుట్టిన కొద్ది వారాలకే తల్లి మన దేశానికి తెచ్చుకుంది. తండ్రి అమెరికాలో కస్టడీ ఉత్తర్వు తెచ్చుకున్నాడు. కేసు కింది నుంచి పైదాకా ఏళ్ల తరబడి సాగింది. సుప్రీంకోర్టుకు వచ్చేసరికి ఆ పిల్లవాడు పన్నెండేళ్లకు పైగా ఇక్కడే తల్లి దగ్గర పెరిగాడు. విదేశీ కోర్టు ఉత్తర్వును గౌరవిస్తూనే, అది పరిశీలించాల్సిన విషయాల్లో ఒకటి మాత్రమేనని ఆయన తేల్చారు. ఆ పిల్లవాణ్ని తల్లి దగ్గరే ఉంచారు. ఇన్నేళ్లు గడిచాక బిడ్డను వేళ్లతో సహా పెకలించి వేరే దేశం పంపడం న్యాయం కాదన్నది ఆ తీర్పు సారం.

ఈ రెండు తీర్పులూ ఎదురెదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి. నిజానికి రెండూ ఒకే ప్రశ్న అడిగాయి. ఈ బిడ్డకు ఇవాళ ఏది మేలు? 1984 నాటి బిడ్డకు జవాబు ఇంగ్లండులో దొరికింది. 1997 నాటి బిడ్డకు మన దేశంలో దొరికింది. ఈ తేడా ఎక్కువగా కాలం తెచ్చిందే.

మన గోదావరి రైతులకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. నారు పీకిన తర్వాత త్వరగా నాటితే ఏ పొలంలోనైనా నిలుస్తుంది. గట్టు మీద రోజుల తరబడి పడేస్తే వడలిపోతుంది. నాటి వేళ్లు తన్నుకున్నాక మళ్లీ పీకితే చచ్చిపోతుంది. పిల్లల విషయంలో కోర్టులు కాలాన్ని అంత పట్టింపుగా చూడడానికి కారణం ఇదే. బిడ్డను తెచ్చిన కొద్ది నెలల్లో అవతలి వాళ్లు కోర్టుకు వస్తే, బిడ్డను వెంటనే పాత చోటికి పంపే అవకాశం ఎక్కువ. ఏళ్లు గడిస్తే కోర్టు లోతుగా విచారించాల్సి వస్తుంది.

ఇక తెలుగు కుటుంబాల కేసులు.

మొదటిది పిల్లల కేసు కాదు గాని దానికి పునాది లాంటిది. 1975లో తిరుపతిలో పెళ్లి జరిగింది. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర కోర్టులో విడాకులు తీసుకుని, ఇంకో పెళ్లి చేసుకున్నాడు. 1991 జూలైలో సుప్రీంకోర్టు ఆ విడాకులు ఇక్కడ చెల్లవని చెప్పింది. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని రద్దు చేయాలంటే ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఒప్పుకునే కారణం ఉండాలి. లేదా రెండో పక్షం కూడా అక్కడి విచారణలో ఇష్టపూర్వకంగా పాల్గొని ఉండాలి. ఏదో ఒక దేశంలో కొద్దికాలం ఉండి ఒక కాగితం తెచ్చుకుంటే సరిపోదన్నమాట. విదేశీ కోర్టు కాగితం చూడగానే ఇక్కడ ఉన్న ఆడపిల్ల భయపడిపోనక్కరలేదు. దాని బలం ఎంతో మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ కొలుస్తుంది.

రెండోది 2009 నవంబరు నాటిది. ఈ దంపతుల పెళ్లి కూడా 2000లో తిరుపతిలోనే జరిగింది. బిడ్డ అమెరికాలో పుట్టాడు. న్యూయార్క్ కోర్టులో ఇద్దరూ ఒప్పుకుని, బిడ్డ ఇద్దరి దగ్గరా పెరిగేలా ఉత్తర్వు తీసుకున్నారు. 2007 జూన్‌లో ఆ ఉత్తర్వు వచ్చిన కొద్ది రోజులకే తల్లి బిడ్డతో ఇక్కడికి వచ్చేసింది. తండ్రి సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ వేశాడు. పోలీసులు రెండేళ్లు వెతికినా బిడ్డ దొరకలేదు. చివరికి సీబీఐ వెతికితే 2009 అక్టోబరులో చెన్నైలో దొరికాడు. ఈ రెండేళ్లలో ఊళ్లు మారాయి, బళ్లు మారాయి. బిడ్డకు ఇక్కడ వేళ్లు తన్నుకునే వీలే లేకపోయిందని కోర్టు గమనించింది. అమెరికాకు తిరిగి తీసుకెళ్లి అక్కడి కోర్టులోనే తేల్చుకోమంది. ప్రయాణ ఖర్చు, అక్కడ ఉండడానికి ఏర్పాటు తండ్రి చూడాలంది. తల్లి వెళ్లకపోతే బిడ్డను తండ్రికి అప్పగించమంది.

ఆ రెండేళ్లు ఆ పిల్లవాడి వైపు నుంచి ఆలోచించండి. వయసు ఐదు, ఆరు, ఏడు. పాఠాలు నేర్చుకోవాల్సిన వయసులో పరారీ నేర్చుకున్నాడు. ఆ తల్లికి ఎంత బాధ ఉందో మనకు తెలియదు. ఉండే ఉంటుంది. కానీ దాచడం వల్ల ఆమెకు గాని బిడ్డకు గాని ఏమీ ఒరగలేదు.

మూడోది సియాటెల్ నుంచి వచ్చిన కేసు. బిడ్డను దేశం దాటించకూడదని అక్కడి కోర్టు ఆంక్ష పెట్టి ఉండగానే 2008లో తల్లి బిడ్డతో ఇక్కడికి వచ్చింది. తండ్రి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లాడు. బిడ్డతో తిరిగి అమెరికా వెళ్లి అక్కడి కోర్టు ముందు నిలబడమని హైకోర్టు తల్లికి చెప్పింది. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఆ మాటే ఖాయం చేసింది.

నాలుగోది మన అందరికీ బాగా పనికొచ్చే తీర్పు. 2019 మార్చి 15న వచ్చింది. హైదరాబాదులో పెళ్లయి పెన్సిల్వేనియాలో కాపురం ఉన్న దంపతులు. ఇద్దరు పిల్లలు అక్కడే పుట్టారు. 2016 చివరిలో తల్లే అక్కడి కోర్టులో విడాకులకు, పిల్లల కస్టడీకి పిటిషన్ వేసింది. 2017 మార్చిలో పిల్లల్ని తీసుకుని హైదరాబాదు వచ్చింది. వచ్చాక ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో ఇంకో కస్టడీ పిటిషన్ వేసింది. పిల్లలు మామూలుగా నివసించేది అమెరికాలో కాబట్టి 9వ సెక్షన్ ప్రకారం ఇక్కడి కోర్టుకు ఆ అధికారమే లేదని హైకోర్టు తేల్చింది. సుప్రీంకోర్టు ఒప్పుకుంది. పిల్లల్ని తిరిగి తీసుకెళ్లమంది.

కాబట్టి సెలవులకు వచ్చిన మనవరాలిని రెండు నెలలు అమ్మమ్మ ఇంట్లో ఉంచుకుని, ఏలూరులో పిటిషన్ వేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నాలుగు రోజులు ఊళ్లో బడికి పంపినంత మాత్రాన అది నివాసం అయిపోదు.

అయితే కోర్టులు ఎప్పుడూ తిరిగి పంపేస్తాయని కూడా అనుకోకూడదు. 2015లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, ముందుగా ఏ కోర్టు ఉత్తర్వు ఇస్తే దానికి ఎక్కువ విలువ ఇవ్వాలన్న సూత్రం చెప్పింది. 2017 జూలై 3న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని పక్కన పెట్టింది. ఆ కేసులో గుండె జబ్బు ఉన్న ఏడేళ్ల పాపను తల్లి బ్రిటన్ నుంచి తీసుకొచ్చింది. బ్రిటన్ కోర్టు తిరిగి తీసుకురమ్మని ఉత్తర్వు ఇచ్చింది. మన సుప్రీంకోర్టు పాపను తల్లి దగ్గరే ఉంచింది. విదేశీ కోర్టు ఉత్తర్వు ఉందన్న ఒక్క కారణంతో బిడ్డను పంపకూడదని, తిరిగి పంపితే బిడ్డకు హాని ఉందా లేదా అని ఇక్కడి కోర్టు స్వయంగా చూడాలని చెప్పింది.

2020 జనవరిలో ఇంకో తీర్పు వచ్చింది. అమెరికా నుంచి పాపను తెచ్చిన తల్లిని తిరిగి వెళ్లమంటూనే, జస్టిస్ దీపక్ గుప్తా ఒక మంచి మాట రాశారు. తల్లిదండ్రులు వేరు వేరు దేశాల్లో ఉన్నా బిడ్డకు ఇద్దరి ప్రేమా హక్కేనని, బిడ్డ దగ్గర లేని తల్లికో తండ్రికో రోజూ వీడియో కాల్‌లో మాట్లాడే వీలు ఉండాలని చెప్పారు. 2022 జనవరిలో వచ్చిన తీర్పు, బిడ్డను అమెరికా పంపమన్నా తల్లిని బలవంతంగా పంపే హక్కు కోర్టుకు లేదంది. వెళ్లాలో లేదో ఆమె నిర్ణయించుకోవాలి. వెళితే ఆమె ఖర్చుల భారం తండ్రి మోయాలి. అదే ఏడాది జూలైలో పదకొండేళ్ల పిల్లవాడి కేసులో, బిడ్డ కోరిక వేరు, బిడ్డకు మేలు వేరు, రెండూ ఒకటని అనుకోకూడదని కోర్టు స్పష్టం చేసింది. ఎవరి దగ్గర ఎక్కువ రోజులు ఉంటే వాళ్ల మాటే బిడ్డ నోట వస్తుంది. తాతయ్య ఇంట్లో ఉన్న బిడ్డ తాతయ్య మాటే చెబుతుంది. అందుకే న్యాయమూర్తులు బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడతారు.

ఇంతవరకు చెప్పినవన్నీ మన దేశానికి తెచ్చిన పిల్లల సంగతులు. బిడ్డ విదేశంలోనే ఉండిపోతే మన కోర్టు చెయ్యి అక్కడిదాకా అందుతుందా?

బ్రిటన్‌లో ఈ ప్రశ్న 2013 సెప్టెంబరులో వాళ్ల సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పాకిస్తాన్‌కు పిల్లలతో వెళ్లిన తల్లి దగ్గరి నుంచి అత్తవారు పాస్‌పోర్టులు తీసేసుకున్నారు. ఆమె అక్కడ చిక్కుకుని ఉండగానే నాలుగో బిడ్డ పుట్టాడు. ఆ పసివాడు ఇంగ్లండు నేల తొక్కనే లేదు. అయినా ఆ బిడ్డ బ్రిటిష్ పౌరుడు కాబట్టి అతన్ని కాపాడే అధికారం తమ కోర్టులకు ఉందని అక్కడి న్యాయమూర్తులు తేల్చారు. ఆ అధికారాన్ని వాడాలా వద్దా అన్నది మళ్లీ బిడ్డ మేలును బట్టి కింది కోర్టు నిర్ణయించాలని పంపారు.

మన దేశపు అనుభవం ఇంకాస్త చేదుగా ఉంది. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక పిల్లవాణ్ని కెన్యాలో ఉన్న తండ్రి దగ్గరికి పంపడానికి ఒప్పుకుంది. ఢిల్లీలో ఉన్న తల్లికి బిడ్డను చూసే హక్కు పోకుండా ఉండాలని గట్టి షరతులు పెట్టింది. ఇక్కడి ఉత్తర్వుకు అచ్చుగుద్దినట్టున్న ఉత్తర్వును నైరోబీ హైకోర్టు నుంచి ముందే తేవాలి. దీన్నే మిర్రర్ ఆర్డర్ అంటారు. దానికి తోడు తండ్రి కోటి రూపాయలు డిపాజిట్ చేయాలి. కాగితాలన్నీ వచ్చాయి, బిడ్డ వెళ్లాడు. ఆ తర్వాత తండ్రి మాట తప్పాడు. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు తన పాత ఉత్తర్వును వెనక్కి తీసుకుని, సీబీఐని రంగంలోకి దించింది. 2022 నవంబరులో కోర్టు ధిక్కారం కింద తండ్రికి ఆరు నెలల జైలు, 25 లక్షల రూపాయల జరిమానా విధించింది.

ఈ కేసు మనకు రెండు సంగతులు చెబుతుంది. బిడ్డ దేశం దాటే ముందు షరతులు పెట్టడంలోనే కోర్టు బలమంతా ఉంది. దాటిపోయాక ఆ బలం ఆ దేశపు కోర్టు సహకారం మీద ఆధారపడుతుంది. అందుకే బిడ్డ అమెరికాలో ఉంటే అక్కడి కోర్టు తలుపే ముందు తట్టాలి. అక్కడి రాష్ట్రాల చట్టం ప్రకారం, బిడ్డ ఆరు నెలలుగా ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు కోర్టుకే కస్టడీ తేల్చే మొదటి హక్కు. బిడ్డకు హాని జరుగుతుందన్న అత్యవసరంలో, బిడ్డ ఉన్న చోటి కోర్టు తాత్కాలిక రక్షణ కూడా ఇవ్వగలదు.

మరి దేశాల మధ్య ఒప్పందం ఏమీ లేదా అంటే, ఉంది. 1980 అక్టోబరు 25న హేగ్ నగరంలో ఒక అంతర్జాతీయ ఒప్పందం తయారైంది. ఒక తల్లి గాని తండ్రి గాని బిడ్డను రెండో వారి హక్కుకు విరుద్ధంగా దేశం దాటిస్తే, బిడ్డను త్వరగా పాత దేశానికి పంపాలని, కస్టడీ అక్కడే తేల్చాలని దాని సారాంశం. పదహారేళ్ల లోపు పిల్లలకు అది వర్తిస్తుంది. తిరిగి పంపితే బిడ్డకు తీవ్రమైన ప్రమాదం ఉందని తేలితే పంపనక్కరలేదు. నూరుకు పైగా దేశాలు అందులో చేరాయి. శ్రీలంక, పాకిస్తాన్, జపాన్ కూడా ఉన్నాయి. మన దేశం చేరలేదు.

చేరాలని 2009లో లా కమిషన్ తన 218వ నివేదికలో చెప్పింది. 2016లో 263వ నివేదికలో మళ్లీ ఈ విషయం పరిశీలించి ఒక ముసాయిదా బిల్లు ఇచ్చింది. తర్వాత జస్టిస్ రాజేశ్ బిందల్ అధ్యక్షతన వేసిన కమిటీ 2018 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది. ఇలాంటి తగాదాలు తేల్చడానికి ప్రత్యేకంగా ఒక అథారిటీ ఉండాలని సూచించింది.

చేరకూడదనే వారి వాదనలో పెద్ద బాధ ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మన ఊరి పిల్ల డిపెండెంట్ వీసా మీద వెళుతుంది. ఉద్యోగం చేసే అనుమతి ఉండకపోవచ్చు. బ్యాంకు ఖాతా, ఇల్లు, కారు అన్నీ భర్త పేరు మీదే ఉంటాయి. అతను కొడితే చెప్పుకోవడానికి అక్కడ అమ్మా నాన్నా ఉండరు. లాయరు ఫీజు డాలర్లలో కట్టాలి. ఆమె చంకలో బిడ్డతో విమానం ఎక్కి పుట్టింటికి వస్తే, దాన్ని అపహరణ అనడం ఆమెకు రెండో దెబ్బ. ఇది నిజం.

కానీ ఇంకో నిజం కూడా ఉంది. భర్తే బిడ్డను ఇక్కడ తన తల్లిదండ్రుల దగ్గర వదిలి, భార్య పాస్‌పోర్టు లాక్కుని వెళ్లిపోయే కేసులు ఉన్నాయి. అప్పుడు అక్కడ ఉన్న తల్లికి మన దేశంలో త్వరగా న్యాయం దొరకాలి. ఇవాళ ఏ కేసులో ఏమవుతుందో ముందుగా చెప్పలేని పరిస్థితి ఉంది. 2015లో ఒక సూత్రం, 2017లో ఇంకొకటి. ఈ అనిశ్చితి వల్ల నష్టపోయేది డబ్బున్న తండ్రీ కాదు, పేరున్న లాయరూ కాదు. బడి మధ్యలో ఆగిపోయిన బిడ్డ నష్టపోతోంది.

నా అభిప్రాయం ఇది. మన పార్లమెంటు ఒక చట్టం చేయాలి. బిడ్డను తెచ్చిన కేసును ఇన్ని వారాల్లో తేల్చాలని గడువు పెట్టాలి. గృహహింస నుంచి పారిపోయి వచ్చిన తల్లికి అందులో స్పష్టమైన రక్షణ రాయాలి. బిడ్డతో తిరిగి వెళ్లాల్సిన తల్లికి అక్కడ ఇల్లు, లాయరు, భరణం ముందే ఏర్పాటు చేశాకే పంపాలని రాయాలి. సుప్రీంకోర్టు ఒక్కో కేసులో పెట్టిన మంచి షరతులన్నీ చట్టంలోకి ఎక్కాలి.

చట్టం వచ్చేదాకా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. జాగ్రత్తగా వినండి.

అక్కడ కాపురంలో హింస ఉంటే, అక్కడే పోలీసుకు, డాక్టరుకు చెప్పించండి. రిపోర్టులు, మెసేజ్‌లు, బడి కాగితాలు భద్రం చేయించండి. రేపు ఇక్కడి కోర్టు అయినా అక్కడి కోర్టు అయినా ఆ కాగితాలే చూస్తుంది. అక్కడి భారత కాన్సులేట్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఢిల్లీలో జాతీయ మహిళా కమిషన్‌లో ప్రవాసుల కేసుల కోసం ప్రత్యేక విభాగం ఉంది.

బిడ్డతో ఇక్కడికి రావాల్సి వచ్చిందంటే, వచ్చిన వెంటనే లాయరును కలవండి. అక్కడి కోర్టులో నడుస్తున్న కేసు గురించి, అక్కడి ఉత్తర్వుల గురించి ఒక్క అక్షరం దాచకుండా చెప్పండి. నిజం దాచి, అవతలి పక్షం లేకుండా తెచ్చుకున్న ఎక్స్‌పార్టీ ఉత్తర్వు పైకోర్టులో నిలబడదు. 2005 నాటి గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు బిడ్డ తాత్కాలిక కస్టడీ తల్లికి ఇవ్వగలరు. దాన్ని వాడుకోండి.

లాయరుకు డబ్బు లేదని ఆగిపోకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఏలూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. బిడ్డకు ప్రమాదం ఉంటే 1098కి చేయండి.

బిడ్డ మీ దగ్గరుంటే, అవతలి తల్లితో గాని తండ్రితో గాని రోజూ వీడియోలో మాట్లాడించండి. కోపం మీది, బిడ్డది కాదు. ఫోన్ కట్ చేసిన ప్రతి రోజూ కోర్టులో మీకు వ్యతిరేకంగా నిలబడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ లోటు బిడ్డ మనసులో నిలిచిపోతుంది.

మధ్యవర్తిత్వాన్ని మొదటే ప్రయత్నించండి. మన ఊళ్లలో పెద్దమనుషుల్లో పెట్టే అలవాటు మంచిదే. కాని అక్కడ మాట్లాడేది కట్నం లెక్కలు, పొలం లెక్కలు అవుతున్నాయి. బిడ్డ ఏ బడిలో చదవాలి, సెలవులు ఎవరి దగ్గర, పండగకు ఎవరి దగ్గర, జ్వరం వస్తే ఎవరు చూస్తారు, ఇవి ముందు మాట్లాడండి. ఒప్పందం కుదిరితే రెండు దేశాల కోర్టుల్లోనూ ఉత్తర్వుగా రాయించండి. కాగితం ఒక దేశంలోనే ఉంటే సగమే రక్షణ.

చివరిగా ఈ ప్రసంగం వింటున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు, నాయనమ్మలకు ఒక విన్నపం. మీ కూతురో, కొడుకో ఫోన్‌లో ఏడుస్తూ, బిడ్డను తీసుకుని వచ్చేయమంటారా అని అడిగే రోజు వస్తే, అవుననో కాదనో వెంటనే చెప్పకండి. వచ్చేయమంటే ఆ బిడ్డ కోర్టుల్లో ఎన్నేళ్లు తిరగాల్సి వస్తుందో, వద్దంటే ఆ ఇంట్లో ఏం అనుభవించాల్సి వస్తుందో, రెండూ ఆలోచించండి. ప్రాణానికి ముప్పు ఉంటే ముందు అక్కడి పోలీసును పిలవమనండి. ఆ తర్వాత అక్కడ ఒక లాయరు, ఇక్కడ ఒక లాయరు, ఇద్దరి మాటా విని కదలండి. మీ మనవడు మీ దగ్గర ఉండాలని మీకు ఉండడం సహజం. వాడు ఎక్కడ భద్రంగా, ఇద్దరి ప్రేమతో పెరుగుతాడో అది ముందు చూడండి. కోర్టు కూడా చూసేది అదే.